దబ్బ అంటే ఎడమ

మా ఇంట్లో అందరికంటే మంచి బట్ట మా కారుకే ఉండేది. కార్ఖానాలో మచ్చ పడి అమ్ముడుపోని పాలిస్టర్ ముక్కలు ఏరుకొచ్చి, నేనే కుట్టుమిషన్ మీద దానికి ముసుగు కుట్టాను. సూరత్ దగ్గర కోసాడ్‌లో మా క్వార్టర్ల కింద, గులాబీ పూల ముసుగు వేసుకుని అది కొత్త కోడలిలా కదలకుండా నిలబడి ఉండేది. దాన్ని చూసి పక్క బిల్డింగు ఆడవాళ్లు ఆ గుడ్డ ఇంకా దొరుకుతుందా అని నన్ను అడిగేవాళ్లు.

అది సెకండ్ హ్యాండ్ బండి. అయినా మా ఆయనకు కొత్తదే. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచా అంటారు. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు నడిపే కూలీగా చేరి, వాటిని బాగుచేసే మాస్టరు దాకా ఎదిగిన మనిషి. ఆ మాత్రం గర్వం ఉండాల్సిందే. ఊళ్లో చుట్టాలకు పంపే ఫొటోలో నేనూ పక్కన నిలబడితే, "జర జరుగవే, నంబర్ ప్లేట్ కనవడ్తలేదు" అనేవాడు. నేను జరిగేదాన్ని. చుట్టాల దగ్గర ఇప్పటికీ నా మోచెయ్యి ఒక్కటే ఉన్న ఫొటోలు చాలా ఉన్నాయి.

అంతలో ఆయనకు షుగర్ కళ్లలోకి దిగింది. కతర్‌గామ్‌లోని కంటి డాక్టరు, కంట్లోకి సూది మందు వేస్తూ ఉండాలనీ, మానేస్తే ఉన్న చూపు కూడా పోతుందనీ, ఇక బండి ముట్టుకోవద్దనీ చెప్పాడు. ఆ మాటల్లో మొదటి రెండూ మా ఆయన చెవిన పడలేదు. మూడోది మాత్రం బాగా పడింది. కాలనీలో ఎవరడిగినా, "పెట్రోల్ పిరమైంది గదా, అందుకే తీస్తలేను" అని చెప్పేవాడు. అబద్ధంలో నన్నూ కలుపుకుని, "ఏమే, అంతేనా?" అని అడిగేవాడు. అంతే అనేదాన్ని.

దవాఖానకు ఆటోలో వెళ్లేవాళ్లం. అక్కడ కంట్లో చుక్కలు వేస్తే గంటల తరబడి ఆయనకు ఏదీ సరిగా కనిపించదు. అక్కడి నుంచి ఆటో దాకా నా చెయ్యి పట్టుకునేవాడు. మా కాలనీ గేటు రాగానే మాత్రం కరెంటు షాక్ కొట్టినట్టు చెయ్యి వదిలేసి, మిలిటరీ మనిషిలా ఛాతీ పెంచి ముందుకు నడిచేవాడు. నాలుగడుగులేసి స్పీడ్ బ్రేకర్‌కు తట్టుకునేవాడు. పెళ్లాం చెయ్యి పట్టుకుని నడిచే మాస్టరును కాలనీ ఏమనుకుంటుందోనని ఆయన బెంగ. కింద పడే మాస్టరును ఏమనుకుంటుందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. చివరికి, "వచ్చే వారం పోదాం తీ" అని దవాఖాన వాయిదా వెయ్యడం మొదలుపెట్టాడు. వచ్చే వారం వచ్చినప్పుడు దానికీ ఒక వచ్చే వారం ఉండేది.

నాకు భయం పట్టుకుంది. మెట్ల దగ్గర కారెక్కి దవాఖాన గుమ్మంలో దిగితే ఎవరి కంటా పడనక్కర్లేదు, అప్పుడైనా వస్తాడు. కానీ ఆ కారు మీద మా మరిది కన్ను పడింది. వచ్చినప్పుడల్లా టైర్లను కాలితో మెల్లగా తన్ని, చావుబతుకుల్లో ఉన్న చుట్టాన్ని చూసినట్టు నిట్టూర్చేవాడు.

"గిట్ల ఎండల వెట్టి పాడుచేస్తున్నవ్ అన్నా. నాకియ్యి, మంచిగ చూస్కుంట. దసరాకు పూజ చేసి తీస్కపోత."

మా ఆయన సరేననేలోపు నేను నోరు తెరిచాను. "బండి నేను నేర్చుకుంట."

అన్నదమ్ములిద్దరూ చాలాసేపు నవ్వారు. నవ్వితే షుగర్ తగ్గేదే అయితే ఆ రోజే మాకు సూది మందుల అవసరం తీరిపోయేది.

"లిఫ్ట్ ఎక్కుతెనే కండ్లు మూస్కుంటవ్, నువ్వు కారు నడుపుతవా?" అన్నాడు మా ఆయన.

"వదిన నేర్చుకునేదాక టైర్లన్న ఉంటయా అన్నా?" అన్నాడు మరిది.

చివరికి ఒప్పందం కుదిరింది. దసరా రోజు నేను రోడ్డు మీద నడిపి చూపించాలి. రాకపోతే బండి మరిదిది.

అమ్రోలీలో ఒక డ్రైవింగ్ స్కూలు ఉంది. స్కూలంటే ఒక బల్ల, ఒక కారు, ఒక మాస్టరు. మాస్టరు గుజరాతీ ఆయన. నోట్లో ఎప్పుడూ మావా. మావా అంటే ఇక్కడ మామగారు కాదు, పొగాకూ వక్కా సున్నం కలిపి నలిపిన ముద్ద. ఆయన మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడు హిందీ మాట్లాడేవాడు. కంగారు పడితే గుజరాతీలోకి దిగేవాడు. నేను బండెక్కాక ఆయన హిందీ వినే అదృష్టం నాకు పెద్దగా కలగలేదు.

"క్లచ్ ధీమే సే ఛోడో, బెన్" అనేవాడు. బెన్ అంటే అక్క. మెల్లగా వదలాలని నాకు తెలియకనా? చీరలకు లేసులు కుట్టి కుట్టి, కుట్టుమిషన్ తొక్కే నా కాళ్లకు రెండూ కలిసి పనిచెయ్యడమే అలవాటు. ఒకటి లేస్తుంటే రెండోది ఊరుకోదు. ఎడమ కాలు క్లచ్ వదలగానే కుడి కాలు కూడా గౌరవంగా లేచేది. బండి దగ్గి, ఎగిరి, చచ్చిపోయేది. వెనక హారన్ల మోత. సూరత్‌లో ముందు బండి ఆగిందంటే, వెనకవాళ్లు దాన్ని హారన్‌తోనే నెట్టగలమనుకుంటారు.

నిజమైన ముప్పు క్లచ్‌తో రాలేదు, ఒక్క మాటతో వచ్చింది. ఒకరోజు పొద్దున అమ్రోలీ రోడ్డు మీద వెళ్తున్నాం. వెనక నుంచి బస్సు వచ్చింది. మాస్టరు కంగారుగా, "డాబీ! డాబీ!" అని అరిచాడు. గుజరాతీలో డాబీ అంటే ఎడమ. ఇన్నేళ్లుగా ఇక్కడున్నదాన్ని, కూరగాయల బజార్లో అయితే నాకది నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ నోట్లో మావా ఉంటే ఆయన డ కాస్తా ద అయిపోతుంది. పైగా భయం వేస్తే నా చెవులు తెలుగులోనే వింటాయి. మా దగ్గర దబ్బ దబ్బ అంటే తొందరగా, ఇంకా తొందరగా అని.

దబ్బ దబ్బ పోయాను. కుడి కాలు నేలకు అంటేదాకా తొక్కాను. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు, నేను ఇంకా గట్టిగా తొక్కాను. చివరికి ఆయన తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు మీద లేచి నిలబడితే, రోడ్డు పక్క ఖమణ్ అనే శనగపిండి ఫలహారం అమ్మే బండికి జానెడు దూరంలో ఆగాం. ఖమణ్ అమ్మే మనిషి జడుసుకోలేదు. కిటికీలోంచి లోపలికి చూసి, ఎంత పొట్లం కట్టమంటారని అడిగాడు. మాస్టరు కట్టమన్నాడు. తినడానికి మావా ఉమ్మెయ్యాల్సి వచ్చింది, నేను చూస్తుండగా ఆయన నోరు ఖాళీ అవడం అదే మొదటిసారి.

దబ్బ సంగతి హిందీలో చెప్పాను. విని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత లెఫ్ట్ అంటానని మాటిచ్చాడు. తర్వాతి మలుపులోనే ఆ మాట తప్పాడు. ఇక లాభం లేదని నన్నే మార్చడానికి పూనుకున్నాడు. రోజూ బండి కదిలేముందు ఒకటో తరగతి పిల్లలా నాతో వల్లె వేయించేవాడు. "దబ్బ ఏటలే?", దబ్బ అంటే ఏంటి, అని అడిగితే, "డాబీ" అనాలి. "డాబీ ఏటలే?" అంటే ఎడమ చెయ్యి ఎత్తి చూపించాలి. అది నాలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఇంట్లో మా ఆయన "దబ్బ చాయ్ వెట్టు" అన్నా నేను ఎడమకు తిరిగేదాన్ని. మా ఇంట్లో పొయ్యి కుడివైపు ఉంటుంది.

సాంచాలు బందుండే రోజున మా ఆయన కూడా పక్కన కూర్చుని నేర్పేవాడు. స్కూలు మాస్టరు దగ్గర రెండో బ్రేకు ఉండేది. మా ఆయన దగ్గర నోరొక్కటే. "సాంచ సప్పుడు ఇన్నట్టు ఇంజన్ సప్పుడు ఇనాలె" అనేవాడు. వింటే ఇంజన్ కంటే ఆయనే ఎక్కువ వినిపించేవాడు. కెమెరాలు పెట్టి చూసే లైసెన్సు పరీక్షలో మొదటిసారి తప్పాను, రెండోసారి పాసయ్యాను. "కెమెరాలు ఖరాబైనట్టున్నయ్" అన్నాడు మా ఆయన. మూతి మాత్రం నవ్వు ఆపుకుంటున్నట్టే ఉంది.

దసరా వచ్చింది. కారు ముసుగు తీసి, కడిగి, బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం. మరిది కొత్త షర్టు వేసుకుని, బంతిపూల దండ తనే కొనుక్కొచ్చి బానెట్‌కు కట్టాడు. పెళ్లికొడుకు వాలకంలో వెనక సీట్లో కూర్చుని అద్దం పైకీ కిందికీ చేసి చూసుకున్నాడు. నది మీది బ్రిడ్జి దాటి కతర్‌గామ్ వైపున్న తన కార్ఖానా దాకా నడపాలని మా ఆయన హుకుం.

క్లచ్ వదిలాను. నిమ్మకాయలు పటుక్కున చితికాయి. బండి దగ్గలేదు. మరిది అద్దంతో ఆడుకోవడం మానేశాడు.

బ్రిడ్జిని కళ్లు మూసుకోకుండానే దాటాను. కిందికి దిగితే చౌరస్తా. ఎడమ వరసలో ఉన్నాను. ముందు స్కూటర్లు ఎడమకు తిరిగి పోతున్నాయి. నేను బ్రేకు మీద కాలు పెట్టబోతుండగా మా ఆయన అరిచాడు.

"ఆపకు! పచ్చ వడ్డది, సీద పో! దబ్బ! దబ్బ!"

నా బుర్ర ఏమనుకుందో తెలియదు. చేతులు మాత్రం ఎడమకు తిప్పేశాయి. బండి మలుపు తిరుగుతుండగానే కుడివైపు నుంచి బట్టల మూటలు నింపుకున్న టెంపో ఒకటి చౌరస్తాలోంచి దూసుకుపోయింది. దాని గాలికి మా బంతిపూలు ఊగాయి. మూసి ఉన్న వజ్రాల కార్ఖానా ముందు బండి ఆపబోయి, క్లచ్ మరిచిపోయాను. ఇంజన్ చచ్చిపోయింది.

"అన్నా, ఎర్ర లైటుండంగ సీద పొమ్మంటవేందే?" అన్నాడు మరిది వెనక నుంచి.

మా ఆయన నావైపు తిరిగి, మెల్లగా అడిగాడు. "ఎర్రదేనా?"

"ఎర్రదే."

"పక్కపొంటి బండ్లు కదిలినయ్ గదా. పచ్చ అనుకున్న."

ఆయనకు లైటు రంగు కనిపించడం లేదు. బండ్ల కదలికను బట్టి ఊహిస్తున్నాడు. ఇన్నాళ్లుగా ఇంట్లో కూడా ఇంకెన్ని ఊహిస్తున్నాడో! నాకు ఏడుపు వచ్చింది. వాయిదా వేసిన ఒక్కో వారం గుర్తొచ్చి, పట్టరాని కోపం కూడా వచ్చింది. తిట్టాలని నోరు తెరిచి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. అంత భయపడిన ముఖం ఆయన మీద ఎప్పుడూ చూడలేదు.

మరిది తలుపు తెరిచాడు. "వదినా, నువ్వు ఎనుకకు రా. ఎడమకు పోయినవ్ గదా, పందెం వోయినట్టే. ఇగ నేను నడుపుత."

"కూసోరా" అన్నాడు మా ఆయన. "బండి ఇచ్చేది లేదు."

"అదేందన్నా? మాట అనుకున్నం గదా!"

"నేను సీద పొమ్మంటె ఎడమకు పోయింది. గిసొంటి డ్రైవర్ మల్ల యాడ దొరుకుతది?"

మరిదికి అది తిట్టో మెప్పో అర్థం కాలేదు. తలుపు మూసి కూర్చున్నాడు.

తాళం తిప్పాను. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "రేపు దవాఖానకు నువ్వే తీస్కపో. ఇప్పుడైతే ఇంటికి పో. దబ్బ వద్దు, జర నిమ్మలంగ."

బ్రిడ్జి ఎక్కేటప్పుడు చెయ్యి చాపి, తడుముకుని, తమ్ముడు చూస్తుండగానే నా కొంగు పట్టుకున్నాడు. కాలనీ గేటు వచ్చింది, స్పీడ్ బ్రేకర్ వచ్చింది, మెట్ల దగ్గర మనుషులు వచ్చారు. వదల్లేదు. గేరు మార్చిన ప్రతిసారీ కొంగు లాగుతూనే ఉంది. నేను వదలమనలేదు.