ఇంజన్‌కు పట్టిన చెమట

మొన్న మా మనవడు కారు సర్వీసుకు తీసుకుపోతుంటే నేనూ వెంట పోయాను. ఇంట్లో కూర్చుని చేసేదేముంది. అక్కడ ఒక కుర్రాడు బానెట్ ఎత్తి, ఆయిల్ మూత తిప్పి తీసి చూపించాడు. మూత లోపలివైపు వెన్నపూస మెత్తినట్టు తెల్లటి నురగ. "ఆయిల్‌ల నీళ్లు కలిసినయ్ సార్, ఇంజన్ విప్పాలె" అన్నాడు. నూనె మట్టం చూసే గేజి కడ్డీ లాగి చూడలేదు, రేడియేటర్ మూత ముట్టుకోలేదు, చూడకుండానే తీర్పు. దానికే నాకు ఒళ్లు మండుతుంటే, మా మనవడు ఇంకోటి అన్నాడు. "మన డ్రైవరే ఏదో కక్కుర్తి పని చేసి ఉంటడు తాతా." ఆ డ్రైవరు పక్కనే మాకు వీపు పెట్టి అద్దం తుడుస్తున్నాడు. తుడిచే చెయ్యి కాస్త ఆగి, మళ్లీ కదిలింది. అట్లా ఆగిన చేతిని నేను ఇదివరకు ఒకసారి చూశాను. పోలీసు యాక్షన్ అయిన తరువాతి చలికాలం, నాంపల్లిలో, మా పెద్దనాయన ఇంటి వాకిట్లో.

మా పెద్దనాయనకు సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం. ఊరు విడిచి పోతున్న ఒక ఘరానా కుటుంబం దగ్గర పాత కారు కొన్నాడు. పల్లెలో ఎడ్లబండి తోలి పెరిగిన మనిషి, కారును కూడా ఎద్దును సాకినట్టే సాకాడు. ఎక్కువ తిప్పితే అలసిపోతుందని ఆయన నమ్మకం. పొద్దున ఇంటి నుంచి దుకాణానికి, మాపున దుకాణం నుంచి ఇంటికి, అంతే. మధ్యలో ఆబిడ్స్‌లో ఒక ఇరానీ హోటల్ ముందు ఆపించేవాడు. చాయ్ కోసం కాదు, కారు దిగుతుంటే నలుగురూ చూడాలని. రోడ్డు జర వాలుగా కనిపిస్తే చాలు, "ఇంజన్ బంద్ చెయ్, దానంతటదే పోతది" అనేవాడు. ఆయన దుకాణంలోనే పనిచేసే నేను నడిచి పోయి, చాలాసార్లు ఆయన కన్నా ముందే తాళాలు తీసేవాణ్ణి. ఆ కారు నడిపేది మా వైపు పల్లె మనిషే. నాకన్నా పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. బడి మొహం పెద్దగా చూడని నాకు ఇంజన్ అంటే ఏమిటో చెప్పింది అతనే.

శుక్రవారం శుక్రవారం పెద్దనాయన బానెట్ ఎత్తించి ఇంజన్‌కు పసుపూ కుంకుమా పెట్టేవాడు. ఎక్కడ పెట్టాలో తెలియక, గుండ్రంగా నెత్తిలా కనిపించే ఆయిల్ మూతకే బొట్టు. ఒక శుక్రవారం పొద్దున బొట్టు పెడుతుంటే మూత వదులై చేతికొచ్చింది. లోపల తెల్లటి మీగడ. వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య రాసి, వాసన చూశాడు. అప్పుడే గేటు లోపలికి వస్తున్న అన్నను పిలిచి ఆ వేలు ముఖం ముందు పెట్టాడు.

"పాలల్ల నీళ్లు పోసేటోళ్లను చానామందిని చూసిన. నూనెల పోసేటోన్ని ఇప్పుడే చూస్తున్న. తీసిన నూనె యాడ అమ్మినవ్‌రా?"

అన్న చేతిలో కారు తుడిచే గుడ్డ ఉంది. దాన్ని దులుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "నేనెందుకు పోస్త సేటూ. నా బండి లెక్కనే చూసుకుంటున్న గద" అన్నాడు. "గట్లయితే తడిబట్టల మీద ప్రమాణం చెయ్" అన్నాడు పెద్దనాయన.

పుష్యమాసం పొద్దు. మా పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి "ఈ చలిల ఏంది మీ పంచాయతి" అంది, ఆయన వినలేదు. అన్న బావి దగ్గర బట్టల మీదనే నీళ్లు గుమ్మరించుకుని, తులసి కోట ముందు నిలబడి, అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, నూనెలో నీళ్లు పోయలేదని చెప్పాడు. పక్కింటివాళ్లు గోడ మీది నుంచి చూస్తున్నారు. పళ్లు కొట్టుకుంటుంటే అతని మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. అంతా అయ్యాక పెద్దనాయన ఏమన్నాడో తెలుసా. "ప్రమాణం చేసినోళ్లందరు నిజమే చెప్తరా? మిస్త్రీకి చూపిద్దాం పా." ఎవరినైనా ప్రమాణం అడిగితే ఆ తరువాత నమ్మాలి. నమ్మేది లేనప్పుడు ఒక మనిషిని అట్లా ఎందుకు నిలబెట్టాలి? ఆ ప్రశ్న ఈ వయసులో కూడా నన్ను కుదురుగా కూర్చోనియ్యదు.

పెద్దమ్మ తెచ్చిచ్చిన పెద్దనాయన పొడి ధోతి కట్టుకుని అన్న బయల్దేరాడు. ఇంజన్ చాలూ చేస్తే దొంగతనం ఆనవాళ్లు పోతాయని పెద్దనాయన అనుమానం. అందుకని ఆయన లోపల కూర్చుని స్టీరింగ్ పట్టుకుంటే, అన్నా నేనూ నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా కారును నెట్టాం. ఇరానీ హోటల్ ముందు రోజూ ఆయన్ను చూసేవాళ్లంతా ఆ రోజు కూడా చూశారు. నేను తల ఎత్తలేదు. అన్న మెల్లగా అన్నాడు, "ఈ పేరు మోసుకోని రేపు ఎవలి ముంగట నిలబడాలె తమ్మీ."

ఆబిడ్స్ మిస్త్రీకి నోరెక్కువ, తనంత పనివాడు నిజాం రాజ్యంలోనే లేడని చెప్పుకునేవాడు. కానీ పని పద్ధతిగా చేశాడు. ముందు ఆయిల్ గేజి లాగాడు, నూనె నల్లగానే ఉంది, తెలుపు కలవలేదు. రేడియేటర్ నీళ్లు చూశాడు, పైన నూనె తెట్టె లేదు. తరువాత కిందికి దూరి ఆయిల్ తొట్టి అడుగు నట్టు వదులు చేశాడు. నీళ్లు బరువు కనుక రాత్రంతా నిలబడ్డ బండిలో అడుగుకు దిగుతాయి, ఉంటే ముందు అవే కారాలి. నూనే కారింది. చివరికి ఇంజన్ చాలూ చేసి, పొగ గొట్టం కాలిందాకా ఆగి, గేజి కొసనున్న చుక్కను దాని మీద రాల్చాడు. నీళ్లుంటే చిటపటమనేది. ఆ చుక్క పొగై ఊరుకుంది.

"అరే సేట్ సాబ్, ఎవ్వడు నీళ్లు పొయ్యలే. బండి పురాగ వేడెక్కకముందే ఆపేస్తున్నరు. అన్నం గిన్నె మూతకు నీళ్లు పట్టవా, గట్లనే గీ చెమట. గండిపేట దాక కొట్టుకోని రండ్రి, అదే పోతది."

ఊరవతల గండిపేట చెరువు దాకా పోయి వచ్చాం. అన్నే నడిపాడు. ఇంటి ముందు మూత తీసి చూస్తే, అంచున ఒక చార తప్ప తెలుపు లేదు. పెద్దనాయన మూత బిగించి, "రేపటి సంది బండిని జర దూరం తిప్పు" అన్నాడు. అదే ఆయన క్షమాపణ. "ఔ సేటూ" అన్నాడు అన్న.

తెల్లారి లేచేసరికి బానెట్ మీద ధోతి, దాని మీద కారు తాళంచెవి. ఉతికి మడత పెట్టాడు. చలికి ఆరనట్టుంది, తడిగానే ఉంది. పెద్దనాయన దాన్ని ముట్టుకోలేదు. నేను తీసుకుపోయి పెద్దమ్మకిస్తే ఆమె తీగ మీద వేసి, చాలాసేపు దాని అంచులు సవరిస్తూ అక్కడే నిలబడింది. తరువాత అన్న నాంపల్లి స్టేషన్ దగ్గర ఎవరిదో కిరాయి బండి నడిపాడు. కొత్త డ్రైవరుతో మా కారు పోతుంటే ఎప్పటిలాగే చెయ్యెత్తి సలాం చేసేవాడు. పెద్దనాయన తల అవతలి వైపుకు తిప్పుకునేవాడు, ఎప్పుడైనా వెంట పోతే పక్కన కూర్చున్న నాకు ఎటు చూడాలో తెలిసేది కాదు.

మా కారు కూడా రోజూ ఇంటి నుంచి బజారు దాకే తిరుగుతుంది. మొన్న ఆ సర్వీసు కుర్రాణ్ణి పక్కకు జరగమని, గేజీ రేడియేటర్ నీళ్లూ నేనే చూసి, "బాబూ, గండిపేట దాక పోదాం పా" అని మా డ్రైవరును పిలిచాను. మనవడు నవ్వాడు. మేం తిరిగొచ్చాక మూత తీసి, తెలుపు లేకపోవడం చూసి, నవ్వు ఆపి, డ్రైవరు వైపు కాకుండా ఫోను వైపు చూశాడు. మా వంశపు చూపే అది. ఎన్ని ఎండాకాలాలు వచ్చిపోయాయో, తలుచుకున్నప్పుడల్లా ఆ ధోతి నా చేతికి ఇంకా తడిగానే తగులుతుంది.