మధ్య గీతకు అవతల

మార్లిస్ టీడమన్‌కి ఓడిపోవడం చేతకాదు. మా కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి ఆవిడ హెడ్ కోచ్, నేను ఆవిడ పక్కన కూర్చునే అసిస్టెంటుని. ఓడి తిరిగొస్తున్న బస్సులో ఎవరైనా కిసుక్కుమన్నారా, ఇక ఆ పిల్ల పని అయిపోయినట్టే.

ఆవిడ ఆడిన రోజుల్లో అమెరికాలోని మా అయోవా రాష్ట్రంలో ఆడపిల్లల ఆట వేరు. జట్టుకి ఆరుగురు. ముగ్గురు బాస్కెట్ వేసేవాళ్ళు, ముగ్గురు అడ్డుకునేవాళ్ళు. ఎవరూ మధ్య గీత దాటకూడదు. మార్లిస్ అడ్డుకునే పిల్ల. హైస్కూలంతా ఆడినా మ్యాచ్‌లో ఒక్క బాస్కెట్ వేసింది లేదు. "చర్చి విందులో వడ్డించేదానిలా అవతలివైపు చూస్తూ నిలబడేదాన్నే" అని నవ్వేది.

కోచ్ అయ్యాక పిల్లల్ని వెతుక్కుంటూ పొలాల్లో ఇళ్ళకి తనే వెళ్ళేది. బ్రెన్నా హుక్‌స్ట్రా వాళ్ళ వంటింట్లో రూబార్బ్ పై అనే పుల్లటి మిఠాయి రెండు ముక్కలు లాగించి, "మీ పిల్లని ఆడిస్తాను" అని తండ్రికి మాటిచ్చింది. బ్రెన్నా బంగారంలాంటి పిల్లే గానీ కాళ్ళు నెమ్మది. నాలుగేళ్ళూ బెంచీ మీదే గడిచిపోయాయి.

చదువు ముగిసే పిల్లల్ని సొంత కోర్టులో వాళ్ళ చివరి మ్యాచ్‌కి మొదట్నుంచే ఆడించడం అన్నిచోట్లా ఆనవాయితీ. వేరే కోచ్‌లైతే చప్పట్లు కొట్టించి, నిమిషంలో బయటికి పిలిచేస్తారు. మార్లిస్ పిలవదు. అలిసిపోయానని ఆ పిల్లే పిడికిలి ఎత్తాలి.

బ్రెన్నా చదువు ముగిసే ఏడు మా క్రీడల డైరెక్టర్ ముందే తేల్చేశాడు: ఆ మ్యాచ్ గెలిస్తేనే టోర్నమెంటు, టోర్నమెంటు లేకపోతే మార్లిస్ ఉద్యోగమూ లేదు. ఆ మనిషి జన్మలో బంతి పట్టుకున్నాడో లేదో!

బ్రెన్నా దిగింది. అవతలి జట్టు ఆమె నెమ్మదిని కాసేపట్లోనే కనిపెట్టేసింది, ఆ పిల్ల వైపు నుంచే దూరడం మొదలుపెట్టింది.

"బయటికి పిలిచెయ్యవే మార్లిస్, ఉద్యోగం పోతుంది!" అన్నాను.

"పిడికిలి ఎత్తిందా?"

"లేదు."

"అయితే నోర్మూసుకుని ఆట చూడు."

విరామంలో ఎవరో నోరు జారి, ఉద్యోగం సంగతి బ్రెన్నా చెవిన వేశారు. మళ్ళీ కోర్టులోకి దిగగానే ఆ పిల్ల మా వైపు తిరిగి పిడికిలి ఎత్తింది. మార్లిస్ వంగి బూటు లేసులు కట్టుకోసాగింది. ఆ బూట్లకి అసలు లేసులే లేవు.

"ఎత్తిందే, చూడు!" అని భుజం కుదిపాను.

"అలిసిపోయి ఎత్తలేదది. నా కోసం ఎత్తింది. అలాంటివి నాకు కనబడవు."

చివర్లో బంతి బ్రెన్నాకి అందింది. వేసింది. పడింది! స్టాండ్స్‌లో తండ్రి టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

అయినా ఓడిపోయాం. డైరెక్టర్ మా వంకైనా చూడకుండా లేచి వెళ్ళిపోయాడు. అంతా అర్థమైపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో బ్రెన్నా వెక్కివెక్కి ఏడుస్తోంది. "నా వల్లే కోచ్... మీ ఉద్యోగం..."

మార్లిస్ పక్కన కూర్చుంది. "ఆ గోల ఆపి ఒకటి చెప్పవే. జనమంతా చూస్తుండగా బంతి వలలో పడితే ఎలా ఉంటుంది? నాకు తెలీదు."

బ్రెన్నా ముక్కు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఓడిన రోజున మార్లిస్ నవ్వగా నేను చూసింది అదొక్కసారే.