మొరం మింగిన ఐదంగుళాలు

1978 మే నెల, కాశిబుగ్గ దగ్గరి మట్టి బాస్కెట్‌బాల్ కోర్టు. అక్కడున్నవి: ఒక డంపీ లెవెల్, అంటే నేల ఎత్తుపల్లాలు చూసే దుర్భిణి, దానికి జోడీగా నిలబెట్టే కొలకర్ర, ఇనుప టేపు. ఉన్నవాళ్లు: కోచ్ యూసుఫ్ భాయ్, ఆటగాడు రాజేందర్, నేను. సివిల్ డిప్లొమా చేసి ఓవర్సీర్‌గా కొత్తగా చేరాను. వాన నీళ్లు నిలవకుండా కోర్టు వాలు సరిచేయడం నా పని.

రాజేందర్ నేతవాళ్ల అబ్బాయి. పందొమ్మిదేళ్లు, ఆరడుగుల నాలుగంగుళాలు. మగ్గం గుంటలో కాళ్లు పట్టకే ఆటలోకి వచ్చానని నవ్వేవాడు. సాయంత్రాలు ఎగిరి బంతిని రింగులో కుక్కితే కోర్టు చుట్టూ ఈలలే. అట్లాంటివాడు హైదరాబాద్‌లో ఒక పెద్ద జట్టు ట్రయల్స్‌కు వెళ్లి ఫ్రీ త్రోలన్నీ పోగొట్టుకున్నాడు. ఎవరూ అడ్డురాకుండా గీత దగ్గర నిలబడి వేసే బంతులవి. అన్నీ రింగు ముందు అంచుకే తగిలాయట. ఎంపికైతే ఆటే కొలువు. నెల తర్వాత మరొక్కసారి రమ్మన్నారు. ఇరవైలో పదిహేను పడాలి.

"పోరనికి నజర్ తగిలింది సార్. దర్గాల తాయెత్తు కట్టిచ్చిన," అన్నాడు భాయ్.

నేల కొలతలయ్యాక అలవాటుగా రింగుకూ టేపు పట్టాను. పది అడుగులుండాలి. తొమ్మిది అడుగుల ఏడంగుళాలుంది. రెండోదీ అంతే.

"మీ టేపు ఖరాబయినట్టుంది. స్తంభాలు నేనే దగ్గరుండి పాతిచ్చిన, పక్కా పది!"

స్తంభం పక్కన గడ్డపారతో తవ్వించాను. ఎర్ర మొరం. గులకరాళ్లు కలిసిన మట్టి, పొర మీద పొర. ఏటా టోర్నమెంటుకు ముందు ట్రాక్టరు మొరం పోసి, నీళ్లు చల్లి, రోలరు తిప్పడం అక్కడి ఆనవాయితీ. స్తంభం ఉన్నచోటే ఉంది, నేల లేచింది. రాజేందర్ చేతికి అలవాటైంది ఆ తక్కువ ఎత్తే.

"అయ్యో, బయటి టీములు మిస్సయితుంటె మన కోర్టు మహిమ అనుకున్న గద!" భాయ్ నెత్తి పట్టుకున్నాడు.

రింగులు పైకి జరిపి వెల్డింగ్ చేయిద్దామన్నాను. భాయ్ అడ్డుపడ్డాడు.

"ఇప్పుడు లేపితె ఈడు కుక్కలేడు సార్. జనం నవ్వుతరు. ట్రయల్ ముంగట పోరని దిల్ పలుగుతది."

రాజేందర్ టేపు చుట్టి నా చేతికిచ్చాడు. "నవ్వనియ్యి భాయ్. ఈడ నవ్వితె నవ్వుతోనే పోతది. ఆడ నవ్వితె కొలువు పోతది. లేపుండ్రి సార్."

మర్నాడే లేపాం. ఆ సాయంత్రం అతను ఎగిరితే వేళ్లు రింగుకు తగిలి, బంతి ఎటో పోయింది.

"ఏమైందిరా, బువ్వ తినలేదా?" అని అరిచారెవరో.

"తిన్ననే! రింగు నాకంటె ఎక్కువ తిన్నది," అన్నాడు. వెళ్లి గీత దగ్గర నిలబడ్డాడు. ఇక నెలంతా అక్కడే. ఆఫీసు కాగానే నేనూ వెళ్లి బంతులు అందించేవాణ్ని. నీళ్లు చల్లిన మొరం వాసన, బంతి పడ్డచోటల్లా లేచే ఎర్రదుమ్ము, భాయ్ తిట్లు. తర్వాత ఎన్నో సైట్లు చూశాను గాని, పనయ్యాక కూడా కాళ్లు లాక్కెళ్లిన సైటు అదొక్కటే.

మనిషిలో లోపం వెతికే ముందు నిలబడ్డ నేలను కొలవాలని నా ఉద్యోగంలో మొదట నేర్చుకున్నది అక్కడే.

రెండో ట్రయల్‌లో రాజేందర్ వేసినవి ఇరవై. పడ్డవి పదహారు.