ఇసుర్రాయి పిడి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పిల్లల్ని బెదిరించడానికి దయ్యాలతో పని లేదు. "రాకాసి గూళ్ళ కాడ దింపొస్త" అంటే చాలు, గుక్కపట్టి ఏడ్చే పిల్ల కూడా నోరు మూసుకునేది. ములకలపల్లి అవతల, అడవి అంచున మా ఊరు. ఊరు దాటి ఇప్పచెట్లలోకి నడిస్తే పెద్ద పెద్ద బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పిన గూళ్ళుండేవి. ఎప్పటి మనుషులో తమవాళ్ళు చనిపోతే కట్టుకున్న సమాధులవి అని ఇప్పుడు చదువుకున్నవాళ్ళు చెబుతున్నారు. మాకు మాత్రం అవి రాకాసుల ఇళ్ళు.

ఆ ఏడాది నాకు రాకాసులకన్నా పెద్ద భయం ఒకటి పట్టుకుంది. వానాకాలంలో జ్వరమొచ్చి మా అమ్మ పోయింది. ఫోటో ఒక్కటీ లేదు. ఇంట్లో ఆమెవి అని చెప్పుకోవడానికి మిగిలినవి ఒక పాతచీర, జొన్నలు విసిరే ఇసుర్రాయి. రోజూ దాని గుర్రు చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. పైరాతికి బిగించిన టేకు పిడి అమ్మ అరచెయ్యి పట్టీ పట్టీ నల్లగా, నున్నగా అయిపోయింది. ఇంకెవరైనా దాన్ని పట్టుకుంటే అమ్మ చెయ్యి చెరిగిపోతుందని నా బుర్రలో పడింది. అంతే, ఆ పాతచీర దానికి చుట్టి, ముడేసి, కాపలా కూర్చున్నాను.

మాకు వండిపెట్టడానికి వచ్చిన మా మేనత్త జొన్నల చాట తీసుకుని దగ్గరికొస్తే, ఎక్కి ఆ రాయి మీదే కూర్చునేదాన్ని. ఇసుర్రాయి మీద కూర్చుంటే అరిష్టం అంటారు. వచ్చిన అరిష్టం చాలదా అనుకున్నానేమో, కదిలితే ఒట్టు. "ఏం పిల్లవే నువ్వు, జగమొండివి" అని తిట్టుకుంటూనే పాపం అత్త పక్కింటికి పోయి విసురుకొచ్చేది. మా నాన్నయితే అసలు ఆ మూలకే చూసేవాడు కాదు.

ఎండలు ముదిరి ఇప్పపూలు రాలే రోజుల్లో, మా నాన్నకి నాన్న, మా తాతయ్య, పూలేరుకుందాం రమ్మని ఒక పొద్దున నన్ను వెంటబెట్టుకు పోయాడు. తీరా చూస్తే రాకాసి గూళ్ళ దారి పట్టాడు. పారిపోదామంటే ఆయన చెయ్యి వదిలితేగా! గూళ్ళ పక్కన నేలబారుగా ఒక బండ, దాని నిండా వేలెడు లోతు గాడులు. అవి రాకాసి గోళ్ళు గీసిన గుర్తులని మా పిల్లలందరి నమ్మకం. తాతయ్య అక్కడ చతికిలబడి, నడుముకున్న కొడవలి తీసి, ఒక గాడిలో నీళ్ళు చల్లి సర్రు సర్రున రాశాడు. దానికి ఇంటి దగ్గరే పదును పెట్టాడు. అయినా సరే, అడవిలోకి పోయేవాళ్ళు ఎవరైనా ఆ గాడిలో ఒకసారి కత్తి రాసి పోవడం మా దగ్గర ఆనవాయితీ.

తర్వాత కొడవలి నా చేతికిచ్చి, నా చెయ్యి మీద తన చెయ్యి వేసి రాయించాడు. గాడి లోపల గాజులా నున్నగా ఉంది. రాకాసి గోరు ఇంత నున్నగా ఎలా గీస్తుందో నాకు అర్థం కాలేదు.

"గిది రాకాసి గీరిందేనా తాతా?"

"రాకాసి ఏంది బిడ్డా, మనసొంటి మనుషులే" అని నవ్వాడు. "నేను రాసిన, మా తాత రాసిండు, గా గూళ్ళు కట్టినోళ్ళు గుడ రాసే ఉంటరు. అందుల ఒక్కడన్న, గిది మా నాయిన గాడి, ఎవ్వలు ముట్టొద్దని మీదెక్కి కూసుంటే, గింత లోతు అయితుండెనా?"

ఇసుర్రాయి మాటే ఎత్తలేదు. నా వైపు కూడా చూడలేదు. పూలేరుకుని ఇంటికొచ్చాం. దారిలోనే నాకు గుర్తొచ్చింది, అమ్మ కాపురానికి రాకముందు ఆ పిడి మా నానమ్మదని. నానమ్మ పోయాక అమ్మ విసురుతుంటే, తాతయ్య పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఊరికే వింటుండేవాడు. ఎందుకు వినేవాడో అంతవరకూ నాకు తట్టనే లేదు.

మర్నాడు తెల్లారగానే ముడి విప్పాను. పిడి చల్లగా ఉంది. నా ఒక్కదాని బలానికి రాయి కదల్లేదు, అత్త కూడా చెయ్యి వేసింది. గుర్రుమని చప్పుడు లేచింది. కొట్టంలో పాలు పిండుతున్న మా నాన్న చెంబు చేత్తో పట్టుకునే గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు. మమ్మల్ని చూసి ఆగిపోయాడు. తలగుడ్డతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట మాత్రం ఇంకో రొట్టె అడిగి తిన్నాడు.

ఇన్నేళ్ళూ ఆ రాయి నాతోనే తిరిగింది. మిక్సీలొచ్చాయి, నా మోకాళ్ళు పోయాయి, రాయి మూలన పడింది. పోయిన నెల దాన్ని భద్రాచలం దగ్గర పిల్లల కోసం పెట్టిన చిన్న మ్యూజియానికి ఇచ్చేశాను. అక్కడ చూసుకునే అమ్మాయి ఎంతో మర్యాదగా, "గాజు పెట్టెల పెడతం అవ్వా, ఎవ్వలు ముట్టకుంట సూస్తం" అంది. "గట్లయితే నా రాయి నాకియ్యి బిడ్డా, పోత" అని కొంగు బిగించాను. ఆ పిల్ల పకపకా నవ్వి, చాప పరిచి, రాయి పక్కన గిన్నెలో జొన్నలు పెట్టించింది.

మొన్న ఎలా ఉందో చూద్దామని పోయాను. మణుగూరు నుంచి బడిపిల్లలొచ్చి ఉన్నారు. గుమ్మం పక్క బెంచీ మీద బయటి వైపు తిరిగి కూర్చుని, సంచిలోంచి నీళ్ళసీసా తీసుకుంటున్నాను. వెనక నుంచి గుర్రుమని చప్పుడు.

ఎవరో పిల్ల తిప్పుతోందని తెలుసు. పిల్లలు తిప్పాలనే కదా పోట్లాడింది! అయినా గభాలున తల తిప్పి చూశాను, ఆనాడు మా నాన్న గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి చూసినట్టే. ఇంత ముసలిదాన్ని, అమ్మ కావాలనిపించింది. లేచి వెళ్ళి, బరువుకి రాయి సరిగ్గా తిరగక తంటాలు పడుతున్న ఆ చిట్టి చెయ్యి మీద నా చెయ్యి వేశాను. పిడి అప్పటికే వెచ్చగా ఉంది.