నా బదులు కొండెక్కిన మార్తమ్మ

గుడ్ ఫ్రైడే నాడు, గుంటూరు అవతల, మనది కాని ఊళ్ళో, ఒక కొండ కింద నా మోకాళ్ళు నాలుగడుగులకే మొరాయించాయి. కొండ మీది సిలువ దగ్గర తన పేరున ప్రార్థన చేయించమని మా ఆవిడ పోయేముందు నా దగ్గర మాట తీసుకుంది. జన్మంతా దేవుడితో పోట్లాడినవాణ్ణే గాని, మాట తప్పినవాణ్ణి కాను.

పక్కనే కల్లంలో ఎండుమిరపకాయలకు కాపలా ఉన్న కూలిమనిషి మార్తమ్మ నా అవస్థ చూసి నవ్వింది.

"మీరు ఈ కాయలు చూస్తా కూర్చోండి తాతగారూ. మీ బదులు నేనెక్కొస్తా."

"ప్రార్థనకి బదులేమిటమ్మా? ఇదేమన్నా పత్తి తీతా?" అని మండిపడ్డాను.

"మాకు అన్నిటికీ బదులేనండి. నా చేలోకి నువ్వు, నీ చేలోకి నేను. అంతెందుకు, ఏసయ్య మన బదులు సిలువెక్కితే మీరేమన్నా వద్దన్నారా?"

వద్దనే అన్నానని చెప్పేలోపే నా చేతిలో కర్ర పెట్టి, చెప్పులు విడిచి, చకచకా ఎక్కేసింది.

ఇక మేకలొచ్చాయి. కూర్చున్నచోటి నుంచే వాటిని అదిలిస్తూ, ఘాటుకు తుమ్ముతూ, ఈ వయసులో నాకిదేం ఖర్మరా అనుకుంటుంటే పైనుంచి కేక వినిపించింది.

"తాతగారో! అమ్మగారి పేరేంటండీ?"

పైన పాట ఆగిపోయింది. కొండ మీది జనమంతా నా వైపే చూస్తున్నారు. కాపురం చేసినన్నాళ్ళూ "ఏమే" అనడమే గాని, ఆమెను పేరు పెట్టి పిలిచి ఎరగను. కర్ర ఊతంగా లేచి నిలబడి, గొంతు చించుకుని అరిచాను.

"సుగుణమ్మా!"

"ఆమెన్!" అంది కొండంతా.

నా నోటి వెంటా అదే మాట వచ్చింది. మేకలు అప్పటికే మిరపకాయల్లో ఉన్నాయి.