వేలికి తొడిగిన నిమ్మకాయ

మా మేనత్త చనిపోయిన కబురు మా పత్రికాఫీసు ఫోనులో వచ్చింది. టెలిప్రింటర్ చప్పుడులో తమ్ముడి మాట సరిగా వినపడక మళ్లీ చెప్పమన్నాను. ఈసారి చెప్పలేక ఏడ్చాడు. చావు వార్తలు రాయడం నాకు అలవాటే. అందులో కారణం చెప్పే వాక్యం ఒకటి ఉంటుంది. అత్త విషయంలో ఆ వాక్యం వేలి దగ్గర మొదలవుతుంది.

హైదరాబాద్ పాతబస్తీలో, శాలిబండ దగ్గరి గల్లీలో ఆమె జాకెట్లు కుట్టేది. మామ పోయాక ఇంటిని, మా అన్నదమ్ముల చదువులను నడిపింది ఆ కుట్టుమిషనే. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడేది, తిట్టేది, నవ్వేది. కుట్టిన ప్రతి హుక్కునూ గట్టిగా లాగి చూస్తేగాని జాకెట్టు చేతికిచ్చేది కాదు. "ఊడినంక కుట్టుడు కాదు బిడ్డా, ఊడకుంట కుట్టాలె" అనేది.

తుంటి అరిగి మిషన్ తొక్కలేని స్థితి వచ్చాక, కొన్నేళ్ల కింద ఆసుపత్రిలో ఇనుప కీలు వేశారు. మా గల్లీలో అలాంటి ఆపరేషన్ అదే మొదటిది. బయటికి కనిపించేది ఏమీ లేకపోయినా చూడటానికి జనం వచ్చారు.

"ఆపా, లోపల లోహా పెట్టిన్రంట గదా. వానకు తుప్పు పట్టదా?" అని పక్కింటి చాచీ అడిగింది.

"అందుకే మిషన్ నూనె రోజు రెండు చుక్కలు తాగుతున్న."

చాచీ నమ్మేసింది. ఆమె మొహం చూసి అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. మళ్లీ మిషన్ తొక్కింది.

ఈ వానాకాలం సూది గుచ్చుకుని అత్త వేలు వాచింది. గోరుచుట్టు. చాచీ తన వాకిట్లోని చెట్టు నుంచి నిమ్మకాయ తెంపి, రంధ్రం చేసి, ఉప్పూ పసుపూ కూరి వేలికి తొడిగింది. గోరుచుట్టుకు మా వైపు ఏ ఇంట్లోనైనా మొదట చేసేది అదే. నేను వెళ్లేసరికి అత్త ఆ వేలిని పైకి ఎత్తిపెట్టి కుడుతోంది.

"ఏందత్తా ఇది?"

"పచ్చరాయి ఉంగరం. నీ పెండ్లానికి చెప్పకు, అడుగుతది."

"డాక్టరుకు చూపిద్దాం పా."

"గింత ఏలుకు డాక్టరా? గాయిన నవ్వుతడు, పో!"

ఆపరేషన్ తర్వాత మేం గుర్తుపెట్టుకున్నవన్నీ కాలి సంగతులే: గొంతుక్కూర్చోవద్దు, జారిపడొద్దు. ఆమె కాలును కంటికి రెప్పలా కాపాడుకుంది. చేతి గురించి ఎవరికీ తట్టలేదు.

వేలు పగిలి, చీము పోయి మానింది. చాచీ సంబరపడింది. తర్వాత జ్వరం పట్టుకుంది, తుంటి సలపడం మొదలైంది. మిషన్ ఎక్కువ తొక్కానేమో అనుకుంది అత్త. కాలు కింద పెట్టలేని రోజున నేనూ చాచీ ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టరు తుంటి చూసి, ఈమధ్య ఒంట్లో ఎక్కడైనా చీము పట్టిందా అని అడిగాడు. అత్త వేలు చూపించింది. వేలికీ తుంటికీ ఏం సంబంధమని నేనడిగాను. వేలి చీములోని క్రిములు రక్తంలో కలిసి కీలు దాకా పోతాయన్నాడు. ఇనుములో రక్తం పారదు గనుక దాన్ని పట్టుకున్న క్రిములను మందు చంపడం కష్టమన్నాడు. కీలు తీసేయాలి, ఆ తర్వాత మిషన్ తొక్కడం కుదరకపోవచ్చు.

చాచీ అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చింది.

"నీ నిమ్మకాయ ఏం జేసిందే? సూది నాది, ఏలు నాది" అంది అత్త. "ఏడ్వకు, కండ్లకు పెట్టిన సుర్మా అంత కారుతది." తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "తియ్యుండ్రి సారూ. చేత్తోని తిప్పే మిషన్ కొనుక్కుంట."

కీలు తీశారు. అప్పటికే విషం రక్తమంతా పాకింది. అత్త ఇంటికి రాలేదు.

మీ ఇంట్లో ఇలాంటి కీలు వేయించుకున్నవారు ఉంటే, పన్ను వాచినా, పుండు పడినా, వేలు వాచినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. అత్త బతికి ఉంటే జాకెట్టు కొలతలు తీసుకుంటూ గల్లీ అంతటికీ ఈ మాట చెప్పేది.

కర్మకాండ అయ్యాక మిషన్ సొరుగు తెరిచాను. దారపు ఉండల మధ్య ఆ నిమ్మకాయ ఉంది. ఎండి, నల్లబడి, రాయిలా గట్టిపడింది. వేలు పట్టిన రంధ్రం మాత్రం చెదరలేదు. చాచీ నా చేతిలోంచి దాన్ని తీసుకుని తన వేలికి పెట్టుకోబోయింది.

పట్టలేదు. అత్త వేళ్లు సన్నం.