పిట్ట కోసం తీసిన మీసం

ఆ రోజుల్లో గొంతు ఉన్నవాడే పంతులు. ఏం చెప్పాడన్నది తర్వాతి సంగతి, నాలుగిండ్ల అవతలికి వినబడేలా ఎక్కాలు చెప్పిస్తే చాలు, ఊళ్ళో మంచి సారని పేరొచ్చేది. మన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో, ఇరవై ఒకటో ఏట, నాకు జమ్మికుంట దగ్గరి ఒక చిన్న ఊరి బడిలో ఉద్యోగం దొరికింది. అప్పటికి నాకున్న ఆస్తులు రెండే. ఒకటి గొంతు, రెండోది మీసం. మామూలు మీసం కాదు, పై పెదవిని పూర్తిగా కప్పేసి కింది పెదవి మీద కూడా కొంత జాగా ఆక్రమించింది. (రెండు సంబంధాలు దానివల్లే తప్పిపోయాయని మా అక్క అనేది. నేను నమ్మలేదు.)

ఆ బడిలో తొమ్మిదేండ్ల పిల్ల ఒకతె ఉండేది. సన్నగా, చిన్నగా ఉంటుందని ఊరంతా పిట్ట అని పిలిచేది. ఐదో ఏట పెద్ద జ్వరం వచ్చి వినికిడి పోయింది, అంతకు ముందు నేర్చిన మాటలు మాత్రం మిగిలాయి. వాళ్ళ బాపు మొదటి రోజే నాకు గడువు పెట్టాడు. పత్తి ఏరే రోజులు వచ్చేటప్పటికి పిల్ల పుస్తకం చూసి చదవాలి, లేకపోతే బడి మాన్పించి చేనుకు తీసుకుపోతాడు. చెడ్డవాడేం కాదు. రెండేండ్లుగా బడిలో పిట్టను గోడ పక్కన కూచోబెట్టి ఊరుకుంటే ఏ తండ్రి మాత్రం ఎంత కాలం చూస్తాడు? నాకు రోషం వచ్చింది. వినబడని పిల్లకు ఇంకా గట్టిగా చెప్తే సరిపోతుంది కదా, గొంతుకు నా దగ్గర ఏం కొదవ అనుకున్నాను.

ఇక చూడండి. నేను పాఠం మొదలుపెడితే పక్క కొట్టంలో బర్రెలు మేత ఆపి తల తిప్పి చూసేవి. ఒక రోజు బడిలో ఎవరో కొట్టుకుంటున్నారనుకుని ఇద్దరు ఆడవాళ్ళు చాటలు పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. బోర్డు వైపు తిరిగి రాస్తూ అరిచేవాణ్ణి, కిటికీకి వీపు పెట్టి నిలబడి అరిచేవాణ్ణి, పిట్ట మీదికి వంగి అరిచేవాణ్ణి. పిట్ట తల వంచుకుని పలక గీకుతూ కూచునేది. పదిహేను రోజులకు నా గొంతు పూర్తిగా పోయింది. పిట్టకు మాత్రం ఒక్క వాక్యం రాలేదు.

అప్పుడొక మధ్యాహ్నం పిట్ట తల్లి సద్దిగిన్నె తెచ్చింది. బిడ్డ భుజం మీద చెయ్యి వేసి, అది తన వైపు తిరిగి చూసేదాకా ఆగి, మామూలు గొంతుతో కడుపునొప్పి తగ్గిందా అని అడిగింది. పిట్ట తగ్గిందని చెప్పి, ఆకలవుతోందని, పొద్దున తమ్ముడు తన బలపం విరగ్గొట్టాడని కూడా గడగడా చెప్పేసింది. ఇదెలా సాధ్యమని బొంగురు గొంతుతో అడిగితే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అది సెవుల తోని ఇంటదా సారూ, కండ్ల తోని ఇంటది. అరిస్తె ఏం ఫాయిద? మీ మూతి గా మీసాలల్ల యాడున్నదో నాకే కనవడ్తలేదు, గా పోరికేం కనవడ్తది?"

ఆ సాయంత్రమే మంగలి ముందు కూచుని మీసం తీసెయ్యమన్నాను. ఆయన కత్తి పట్టుకుని, మీ బాపు మంచిగున్నడా అని రెండు సార్లు అడిగాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. మా వైపు తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తాడన్నది పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే, కానీ నా తలకాయ నిండా పిట్ట చదువే ఉంది. మర్నాటి నుంచి వెలుతురు నా మొహం మీద పడేలా పిట్టకు ఎదురుగా కింద కూచున్నాను. చిన్న చిన్న మాటలు చెప్పాను, బోర్డు వైపు తిరిగినప్పుడు నోరు మూసుకున్నాను. (అరవలేదు కూడా. గొంతు లేదు కాబట్టి, అది నా గొప్పతనం కాదు.) వారం తిరిగేసరికి పిట్ట మూడు వాక్యాలు చదివింది. అంతా మీసం తీసిన మహిమేనని మురిసిపోయాను.

ఆ ఆదివారం జమ్మికుంటకు పోయాను. ఎడ్లు కొనడానికి అక్కడికి వచ్చిన మా బావ దూరం నుంచి నా నున్నటి మూతి చూశాడు. మామ పోతే తనకు కబురైనా పంపలేదని కోపమొచ్చి, నన్ను పలకరించకుండా, ఎడ్లు కొనకుండా ఇంటికి మళ్ళాడు. తెల్లారి మా అక్క హుస్నాబాద్ అవతలి మా ఊరికి బయలుదేరి, పొలిమేరలోనే ఏడుపు ఎత్తుకుని, గుండెలు బాదుకుంటూ వాకిట్లోకి వచ్చింది. మా బాపు అరుగు మీద కూచుని జొన్న గటక తింటున్నాడు. ఎవరు పోయారని ఆయన అడిగితే, ఆయన్ను చూసి అక్క ఇంకా గట్టిగా ఏడ్చిందట.

మరుసటి రోజు బాపు బస్సెక్కి నేరుగా బడికే వచ్చాడు. ఆయన మీసం ముందు నాది ఏ మూలకు?

"నేను సచ్చిన్నారా?" అన్నాడు గడపలోనే.

జరిగిందంతా చెప్పాను. నమ్మలేదు. పిట్టను పిలిచి, పేరేందని గర్జించాడు. (గొంతు మాకు వంశపారంపర్యం.) పిట్ట బెదిరి వెనక్కి జరిగింది. బాపు కాసేపు ఆ పిల్లను చూశాడు. చేతికట్టె గోడకు ఆనించి, పిల్ల ముందు గొంతుకూచున్నాడు. రెండు వేళ్ళతో తన మీసం పైకెత్తి పట్టుకుని, "నీ పేరేంది బిడ్డా?" అని మెల్లగా అడిగాడు. పిట్ట పకపకా నవ్వి పేరు చెప్పింది. ఎవరూ అడగకుండానే పుస్తకం తెచ్చి చదివి కూడా వినిపించింది. బాపు కోపం మరిచి, చేతికట్టె తీసుకుని తిరుగు బస్సుకు బయలుదేరాడు.

పత్తి ఏరే రోజులు వచ్చాయి. పిట్ట వాళ్ళ బాపు బడి అరుగు మీద కూచుని బిడ్డ చదివిన పేజీ మొత్తం విన్నాడు. రుమాలుతో కండ్లు తుడుచుకుని చేనుకు ఒక్కడే పోయాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఎండాకాలం సెలవుల ముందు నాకు ఒక సంబంధం కుదిరేలా ఉంది. మీసం పెంచుకోవాలని మనసులో ఉన్నా, పిట్ట చదువు పాడవుతుందని వెనకాడాను. ఆ త్యాగం సంగతి పిట్టకు కొంచెం గొప్పగానే చెప్పాను. పిట్ట నన్ను వింతగా చూసింది.

"మీసాలున్నా జర జర సమజైతుండె సారూ. మీరు అరిస్తె కోపానికొచ్చిండ్రని భయమయ్యేది. అందుకే మీ మొకం దిక్కు సూడలే."

అంటే మా అక్క ఏడుపు, బావ కోపం, బాపు బస్సు ప్రయాణం, అన్నీ మెత్తగా ఒక మాట చెప్తే తప్పిపోయేవి. పెండ్లినాటికి మీసం మళ్ళీ పెంచాను. ఆ మీసాల పిలగాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పదిహేను రోజులు ఆ పిల్లను భయపెట్టాడని గుర్తొస్తే మాత్రం, వెనక్కి పోయి వాడి నోటి మీద మెల్లగా చెయ్యి పెట్టాలనిపిస్తుంది.